అరవై నాలుగు పొలాలు

మా నేల శాస్త్ర విభాగంలో ఆమెను జల్లెడ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టిన పాపం నాదే. ఎవరైనా ఏదైనా కబురు మోసుకొస్తే, నువ్వు చూశావా, ఎవరో చెబితే విన్నావా అని ముందు అడిగేది. విన్నదే అయితే అక్కడితో వదిలేసేది. రెండు మిల్లీమీటర్ల కన్నంలోంచి దిగని మాట ఆమె దగ్గర చెల్లేది కాదు. పేరు తన చెవిన పడ్డాక కోప్పడలేదు. నవ్వి, నాకూ ఒకటి తగిలించింది. ప్రయోగశాలలో నా బల్ల ఆమె బల్ల పక్కనే కాబట్టి నేను పక్కబల్ల.

చేరినప్పుడు ఆమెకు ముప్పై ఒకటి; ఒక ఏడు వెనక చేరిన నాకు ఇరవై రెండు. మేమంతా డిగ్రీ అవగానే తిన్నగా పీజీకి వచ్చి పడ్డవాళ్ళం. ఆమె అలా కాదు. తండ్రి బావులు తవ్వేవాడు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళి, ఆయన పైకి వచ్చేదాకా బావి అంచున బోర్లా పడుకుని, లోపలి గోడ మీద ఎర్రమట్టి ఎక్కడ ఆగుతుందో, గరుసు ఎక్కడ మొదలవుతుందో చూస్తూ ఉండేదట. తల్లిదండ్రులు పోయాక అక్క పెంచింది. పంతొమ్మిదో ఏట వ్యవసాయ కార్యాలయంలో క్షేత్ర సహాయకురాలిగా చేరింది. పొలాల్లో మట్టి తీసి, సంచులకు కట్టి, పరీక్షా కేంద్రానికి చేర్చడం పని. ఆ ఉద్యోగం చేస్తూనే డిగ్రీ పూర్తి చేసింది. పై చదువుకు సెలవు కావాలని ఏటా అర్జీ పెడితే, ఎట్టకేలకు రెండేళ్ళు ఇచ్చారు. ఉద్యోగం మొత్తం మీద ఒక్కసారి దొరికే సెలవు అది. పట్టాతో తిరిగి వెళితే పరీక్షా కేంద్రానికి అధికారి అవుతుంది. పట్టా లేకుండా వెళితే మళ్ళీ సంచులే, రిటైరయ్యేదాకా.

"పన్నెండేళ్ళు సంచులు మోసుకెళ్ళి గుమ్మం దగ్గర దించి వచ్చానే. లోపల ఏం చేస్తారో చూడాలిగా," అని ఒకసారి నాతో అంది. తన కోరిక గురించి ఆమె నోటి వెంట నేను విన్నది అంతే.

రెండేళ్ళలో చివరి నెల అది. ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదు గంటల లోపు సిద్ధాంత వ్యాసం విశ్వవిద్యాలయం కార్యాలయంలో అందాలి. అందకపోతే సీటు రద్దు. ఆ ముప్పయ్యినే ఆమె సెలవూ అయిపోతుంది.

వ్యాసం దాదాపు పూర్తయింది. ఆమె పని మొక్కజొన్న పండే నేలల్లో జింకు ఎంత ఉందో కొలవడం. జింకు చాలని నేలలో మొలక ఆకులు తెల్లబారిపోతాయి, పైరు గిడసబారుతుంది. పైకి చూస్తే నీళ్ళు చాలలేదేమో అనిపిస్తుంది, రైతు ఇంకా నీళ్ళు పెడతాడు. పది లక్షల పాళ్ళ మట్టిలో మొక్కకు అందే జింకు 0.6 పాళ్ళు ఉంటే గట్టెక్కినట్టే. అంతకు తగ్గితే బయటినుంచి వెయ్యాలి. కొలిచేది ఇంత చిన్న లెక్క కాబట్టి ఆ మట్టిని పురిట్లో బిడ్డను చూసినట్టు చూడాలి. చెక్క సుత్తితో నలగ్గొట్టాలి, నైలాను జల్లెడతో పట్టాలి, ఇనుమూ ఇత్తడీ తగలనివ్వకూడదు. నేను ఒకసారి మరచిపోయి ఆమె మట్టిలో స్టీలు చెంచా పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

నూట పన్నెండు పొలాల్లో మట్టి తీసింది. ఒక్కో పొలంలో వంకర టింకరగా నడుస్తూ పదిహేను చోట్ల జానెడు లోతు గుంట తీసి, అన్ని గుంటల మట్టినీ ఒక తొట్టిలో కలిపి, అందులోంచి అరకిలో సంచికి కట్టడం. ముందు మెట్ట మీది ఎర్ర పొలాలు నలభై ఎనిమిది, ఆ తర్వాత పల్లపు పొలాలు అరవై నాలుగు. ఫలితం అద్భుతంగా వచ్చింది. మెట్ట పొలాల్లో జింకు 0.4, 0.5. పల్లానికి దిగేసరికి ఒక్కసారిగా రెండు దాటింది.

మా గైడుగారిని పిల్లలు ఏడు అని పిలుచుకునేవాళ్ళు. నేల ఆమ్లమూ కాకుండా క్షారమూ కాకుండా ఉంటే వచ్చే అంకె ఏడు. ఆయన ముఖమూ అంతే, పులుపుకీ చేదుకీ ఒకేలా ఉండేది. ఆ ముఖంలో సంతోషం నేను చూసింది ఈ అంకెలు చూసిన రోజునే. ఏళ్ళ తరబడి వానకు మెట్ట మట్టి కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంటోందనీ, దానితో పాటే జింకూ దిగుతోందనీ ఆయన ఒక సిద్ధాంతం అల్లారు. అందంగా ఉంది. పల్లపు రైతులు ఇక జింకు వెయ్యక్కర్లేదని కరపత్రం రాసి అచ్చుకు పంపారు. విత్తనాలు వేసే అదను ఇంకో నెలన్నరలో ఉంది. మట్టి తీసుకోనిచ్చినందుకు ప్రతి రైతుకీ ఫలితం కార్డు ఇస్తానని జల్లెడ మాట ఇచ్చింది. ఆ కార్డులు అప్పటికే ఇచ్చేసింది కూడా. అరవై నాలుగు కార్డుల మీద ఆమె గుండ్రటి దస్తూరీలో ఒకే మాట: జింకు సరిపడా ఉంది, వెయ్యనవసరం లేదు.

ఇదీ ఎనిమిదో తేదీ పొద్దున వరకూ ఉన్న పరిస్థితి.

ఆ పొద్దున ఇద్దరం యంత్రం ముందు కూర్చున్నాం. పొలాల మట్టి కాక, మెట్టలో ఆరూ పల్లంలో ఆరూ మనిషి లోతు గోతులు తవ్వి, గోడలోంచి చెక్క బద్దతో పొర పొరా గీకి నేరుగా గుడ్డసంచుల్లో వేసిన మట్టి ఉంది. వ్యాసంలో చివరి పట్టిక అదే. ద్రావణంలో ఊపి వడకట్టిన మట్టి తేటను యంత్రం పీల్చుకుంటుంది, నీలి మంట ఒక క్షణం వణుకుతుంది, అంకె పడుతుంది. ఆమె గొట్టం ముంచుతోంది, నేను రాస్తున్నాను. మెట్ట గోతుల పై పొరలు 0.5 దగ్గర వచ్చాయి. పల్లంలో మొదటి గొయ్యి పై పొర 0.38.

తప్పు సీసాలో ముంచిందేమో అనుకున్నాను. ఆమె మళ్ళీ ముంచింది. 0.38. రెండో గొయ్యి 0.41. మూడోది 0.35. ఆరో గొయ్యి అయ్యేసరికి నా కలం ఆగిపోయింది. పది అడుగుల దూరంలో ఉన్న పొలం మట్టిలో రెండు దాటిన జింకు, గొయ్యి పై పొరలో అరపాలు కూడా లేదు.

గోతులు పొలం గట్ల దగ్గర తవ్వాం కాబట్టి తేడా ఉంటుందేమోనని అన్నాను. ఆమె మంట ఆర్పి, గ్యాసు కట్టి, తన బల్ల దగ్గరికి వెళ్ళి పొలం పుస్తకం తెరిచింది. తారీఖు, వాన, ఎండ, పొలం, వెంట వచ్చినవాళ్ళు, బండి అన్నీ ఉంటాయి అందులో. తొమ్మిదో రోజు పేజీ మీద వేలు పెట్టి పంక్తి పంక్తీ చదివింది. ఏముంది అందులో అని అడిగితే, లేదు, ఏమీ రాయలేదు అంది. ఆ తర్వాత చెప్పింది.

ఎనిమిది రోజులు మెట్టలో పనయ్యాక తొమ్మిదో రోజు పల్లంలోకి దిగారు. మొదటి పొలంలోనే ప్లాస్టిక్ తొట్టి అడుగు పగిలింది. దగ్గరలో దుకాణం లేదు. ఆమెను పొలాలకు తిప్పుతున్నది బావే, అక్క మొగుడు. సరుకుల బండి నడుపుతాడు. బండి కడుక్కోవడానికి కొత్తగా కొన్న బకెట్ వెనక ఉంటే తెచ్చి ఇచ్చాడు. తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన ఇనప బకెట్. తళతళా మెరుస్తోంది. ఆమెకు తెలుసు. తెలిసే, లోపల పాలిథిన్ కాగితం పరిచింది. ఇవాళ్టికి గడిస్తే చాలు, రేపు కొత్త తొట్టి కొందాం అనుకుంది. రేపు కొనలేదు. కాగితం పని చేస్తోంది కదా అనిపించింది. పల్లపు మట్టిలో గులకరాళ్ళు ఎక్కువ. నిజానికి మొదటి పొలంలోనే కాగితం అడుగున చిరిగింది. చిరుగు పక్కకు వచ్చేలా మడత పెట్టి మళ్ళీ పరిచింది. పదకొండు రోజులు అలాగే.

మెట్ట అయిపోయి పల్లం మొదలైన పొద్దునే తొట్టి పోయి బకెట్ వచ్చింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నేల మారింది కాబట్టి అంకె మారిందనుకున్నాం. మారింది బకెట్.

ఆమె ఇది చెబుతున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం బల్ల మీద లేని మట్టిని ఒక పక్కకు ఊడుస్తూ ఉన్నాయి. అనుమానంతో ఏమీ అనకూడదు, చూడాలి అంది. నన్ను తీసుకుని అక్క ఇంటికి బయలుదేరింది.

రెండు గదుల ఇల్లు. ముందు గది సగం జల్లెడ పుస్తకాలూ ఖాళీ సంచులే. అక్క తలుపు తీస్తూనే, ముప్పయ్యో తేదీ దాకా ఈ గడప తొక్కనన్నావు కదే అంది. ఆవిడ చెల్లెలి చదువు గురించి ఎవరడిగినా ఒకటే చెప్పేది: చిన్నప్పుడు ఇది మట్టి తింటే వీపు విమానం మోత మోగించాను, ఇప్పుడు అదే మట్టికి దీనికి పట్టా ఇస్తారట. ఆ రోజు కూడా నాతో ఆ మాట అని నవ్వింది. జల్లెడ నవ్వలేదు. బావను బకెట్ అడిగింది.

"బకెట్టా? బండి ఏం కావాలి మరి? దానిక్కూడా పరీక్ష పెడతావా మరదలా?" అన్నాడాయన.

"దానికే బావా."

ఆయన ఆమె ముఖం చూసి ఇంక పరాచికం ఆడలేదు. వెళ్ళి తెచ్చాడు. బకెట్ అడుగున, గులకరాళ్ళు రాచుకున్న చోట, మెరుపు పోయి గీతలు గీతలుగా బూడిద రంగు తేలి ఉంది. ఆమె వేలితో ఆ గీతల్ని తడిమింది.

మధ్యాహ్నానికి ప్రయోగశాలలో పల్లపు గొయ్యి మట్టినే మూడు భాగాలు చేశాం. ఒక భాగం ప్లాస్టిక్ తొట్టిలో కలిపింది. ఒకటి చిరిగిన కాగితం పరిచిన బకెట్లో. మూడోది ఉత్త బకెట్లో. పొలంలో లాగే తడిపి, గులకరాళ్ళతో సహా, పొలంలో ఎంతసేపు కలిపేదో అంతసేపే కలిపింది. ద్రావణం పోసి సీసాలు ఊపే యంత్రంలో పెడితే రెండు గంటలు ఊగాలి. ఆ రెండు గంటలూ ఆమె స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంది. టీ తెచ్చి పెడితే పక్కనే చల్లారిపోయింది. నేను లోపల ఒకటే అనుకుంటున్నాను: మూడూ 0.4 రావాలి, మూడూ 0.4 రావాలి. శాస్త్రం చదివేవాళ్ళు అనుకోవలసిన మాట కాదు అది.

తొట్టి మట్టి 0.39. కాగితం వేసిన బకెట్ మట్టి 2.14. ఉత్త బకెట్ మట్టి 2.6.

కాగితం మీద అంకె రాసి, తల ఎత్తకుండా నేను అన్న మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తడుముకోకుండా గుర్తుంది.

"అక్కా, ఇది మనిద్దరికే తెలుసు. ముందు వ్యాసం ఇచ్చెయ్యి. పట్టా చేతికొచ్చాక తప్పు దిద్దుతూ ఇంకో వ్యాసం రాయొచ్చు. దిద్దుకున్నవాళ్ళకి గౌరవమే."

"ఈలోగా విత్తనాలు వేసేస్తారు," అంది ఆమె.

నేను ఇంకేదో అన్నాను. ఒక్క పంటే కదా అన్నాననుకుంటాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ ఒక్క పంట మీద బతికేవాళ్ళు అరవై నాలుగు ఇళ్ళవాళ్ళు, వాళ్ళ గడపల్లో కూర్చుని నేను మంచినీళ్ళు తాగాను అంది, ఎవరికో కాకుండా తనకే చెప్పుకుంటున్నట్టు.

మర్నాడు పొద్దున గైడుగారి గదికి వెళుతూ నన్నూ రమ్మంది. సాక్ష్యానికి కాదు, కాళ్ళు వెనక్కి తిరిగితే పట్టుకోవడానికి అంది. గదిలో కిటికీ పక్కన రాతినమూనాల బీరువా, బల్ల మీద కరపత్రం అచ్చు ప్రతి. ఆయన ఆమె చెప్పిందంతా విన్నారు. మూడు అంకెల కాగితం చూశారు. ఆయన సిద్ధాంతం కూడా ఆ బకెట్లోనే కలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. ముఖం మాత్రం ఏడు దగ్గరే ఉంది.

"ఎన్ని పొలాలు?"

"అరవై నాలుగండి."

"బకెట్ మార్చినట్టు పుస్తకంలో రాశావా?"

"రాయలేదండి."

"కాగితం ఎందుకు వేశావు? ఇనుము తగలకూడదని తెలిసి వేశావా, తెలియక వేశావా?"

తెలియక అని ఆమె అంటే బాగుండునని నాకు అనిపించింది. తెలియకపోవడానికి క్షమాపణ ఉంది. ఆయన కూడా అందుకే అలా అడిగారేమో, ఆమెకు ఒక మెట్టు వేసి ఇచ్చారేమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

"తెలిసే వేశానండి. చిరిగిందని కూడా తెలుసు. మడతపెట్టి మళ్ళీ వేశాను."

ఆయన అచ్చు ప్రతిని దగ్గరికి లాక్కుని, పల్లపు పొలాల గురించి ఉన్న పేరా మొత్తం మీద ఎర్ర పెన్సిలుతో ఒక గీత కొట్టారు. స్కేలు లేకుండా, తిన్నగా. ఆ తర్వాత గోడ మీది క్యాలెండరు చూశారు.

"ఇవాళ తొమ్మిది. గుడ్డసంచులు ఉన్నాయా?"

ఆ రోజు మధ్యాహ్నం నుంచే పొలాలు మొదలయ్యాయి. బావ తన కిరాయిలు వేరేవాళ్ళకి అప్పగించి బండి తెచ్చాడు. మొదటి రోజంతా ఆయన బండి నడుపుతూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఉపకారం చేద్దామని బకెట్ ఇచ్చి కొంప ముంచానన్న బాధ. రెండో రోజు జల్లెడే అంది, నువ్విచ్చింది బకెట్, వాడుకున్నది నేను, స్టీరింగ్ మీద అలా ఏడవకు బావా, బండి గుంటలో పడుతుంది అని. దాంతో ఆయన కాస్త తేరుకున్నాడు. నేను నా పని పక్కన పెట్టి వెళ్ళాను. పొలానికి పదిహేను గుంటలు. ఆమె గుంట తీస్తుంది, నేను తొట్టి పట్టుకుంటాను, బావ సంచి కట్టి పెన్సిలుతో చీటీ రాస్తాడు, ఒకటి లోపల, ఒకటి బయట. రోజుకు ఏడు, ఎనిమిది పొలాలు. ఎవరైనా రైతు వచ్చి మళ్ళీ ఎందుకమ్మా అని అడిగితే, పోయినసారి సరిగ్గా తియ్యలేదు అని చెప్పేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువా కాదు, తక్కువా కాదు.

పధ్నాలుగో తేదీ సాయంత్రానికి నలభై రెండు అయ్యాయి. మిగిలిన ఇరవై రెండూ అట్టడుగు పల్లంలోని నల్ల పొలాలు. ఎర్రమట్టికీ నల్లమట్టికీ పోలికే ఆమె వ్యాసం. ఆ ఇరవై రెండూ లేకపోతే వ్యాసానికి రెండో కాలు లేనట్టే. మూడు రోజుల పని అనుకున్నాం. పదిహేనో తేదీ తెల్లవారకముందే వాన పట్టుకుంది.

అదను కాని వాన. ఐదు రోజులు కురిసింది. ఆమె ప్రయోగశాల వరండాలో నిలబడి ఆకాశం కేసి చూసేది కాదు, నేల కేసి చూసేది, చినుకు ఎంత లోతు దిగుతోందా అని. తెచ్చిన నలభై రెంటినీ ఆరబెట్టి, నలగ్గొట్టి, కొలిచేశాం. అన్నీ అరపాలు లోపే. వాన తెరిపిచ్చాక మరో మూడు రోజులకు గానీ నల్ల పొలాల్లోకి బండి దిగలేదు. దిగిన బండి రెండుసార్లు కూరుకుపోయింది. ఇరవై రెండు పొలాలూ పూర్తయ్యేసరికి ఇరవై ఐదో తేదీ. తెచ్చింది మట్టి కాదు, బంక. ఉండలు ఉండలుగా కాగితాల మీద పరిచి, ప్రయోగశాల గదిలో నేలంతా నింపాం. నడవడానికి మధ్యలో ఒక అడుగు దారి మాత్రం వదిలాం.

మట్టి నీడలో ఆరాలి. ఎండలో పెట్టకూడదు, వేడి చెయ్యకూడదు. గాలిలో తేమ ఉంటే నల్లమట్టి ఆరనే ఆరదు. ఇరవై ఆరున పైన పొర ఆరింది. విరిస్తే లోపల తడి. ఇరవై ఏడు మధ్యాహ్నానికీ అంతే. కొలిచే యంత్రం ఇక ఆమె పేరు మీద మిగిలింది ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. వ్యాసం కుట్టించడానికి ముప్పై పొద్దున. మిగతా పేజీలన్నీ టైపు అయి, ఆ ఒక్క పట్టిక కోసం ఖాళీ వదిలి, బల్ల మీద ఉన్నాయి.

గది మూలలో ఓవెన్ ఉంది. నూట ఐదు డిగ్రీలు. రాత్రికి పెడితే పొద్దున్నకి పేలాల్లా ఆరుతుంది.

ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను నాలుగు కాగితాల మట్టిని పింగాణీ పళ్ళేల్లోకి ఎత్తి ఓవెన్లో పెట్టి మీట తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. ఆమె తిరిగి వచ్చి ఆ దీపం చూసింది. గుమ్మంలోనే ఆగింది. ఆ క్షణంలో ఆమె నన్ను ఆపుతుందో ఆపదో నాకు నిజంగా తెలియదు. ఆమెకూ తెలియదనుకుంటాను. చేతుల తడి చీర కొంగుకు తుడుచుకుంటూ ఉండిపోయింది. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తోంది.

"ఆరబెట్టడమేగా అక్కా," అన్నాను.

"వేడికి జింకు లెక్క మారుతుంది."

"ఎంత మారుతుంది? కాస్తే."

"ఆ కాస్త ఎంతో నీకు తెలుసా? నాకైతే తెలీదే."

వచ్చి మీట వెనక్కి తిప్పింది. పళ్ళేలు అప్పటికి వేడెక్కలేదు. ఒక్కొక్కటే తీసి, ఏ సంచి మట్టి ఏ కాగితం మీద ఉందో చీటీలు చూసుకుంటూ మళ్ళీ నేల మీద పరిచింది. పరిచాక ఆ మట్టి మధ్యనే కాళ్ళు ముడుచుకుని కూర్చుండిపోయింది. ఏడుస్తోందనుకున్నాను. ఉండల్ని చిన్న చిన్న ముక్కలుగా విరుస్తోంది, గాలి తగలాలని.

గైడుగారు ఆ మూడు రోజుల్లో నాలుగుసార్లు విశ్వవిద్యాలయం కార్యాలయం మెట్లెక్కారు. ఎవరి కోసమూ ఒక గుమాస్తా ముందు నిలబడని మనిషి. పదిహేను రోజులు గడువు అడిగారు, వారం అడిగారు, చివరికి రెండు రోజులు అడిగారట. నియమం నియమమే అన్నారు. అవతల ఆమె ఉద్యోగం వాళ్ళదీ అదే జవాబు.

ముప్పయ్యో తేదీ సాయంత్రం నాలుగున్నరకు నేను కార్యాలయం వైపు పరిగెత్తే మనుషుల్ని కిటికీలోంచి చూస్తున్నాను. ఆమె చూడలేదు. నాలుగు ముప్పావుకు గైడుగారు లోపలికి వచ్చి, మధ్యలో వదిలిన దారిలో జాగ్రత్తగా అడుగులు వేస్తూ వచ్చి, వంగి ఒక నల్ల ఉండ తీసుకుని బొటనవేలితో నొక్కారు.

"ఇంకా రెండు రోజులు పడుతుంది," అన్నారు.

"అవునండి," అంది ఆమె.

ఆయన కూడా వంగి ఉండలు విరవడం మొదలుపెట్టారు. ముగ్గురం ఐదు దాటేదాకా ఆ పని చేశాం.

ఒకటో తేదీన ఆమె పాత ఉద్యోగంలో చేరింది, పాత హోదాలోనే. ఆ తర్వాత వచ్చిన రెండు ఆదివారాలూ బస్సెక్కి వచ్చి, ఇరవై రెండు నమూనాలూ నలగ్గొట్టి, జల్లించి, కొలిచి వెళ్ళింది. అవి దేనికీ పనికిరావని అందరికీ తెలుసు, పట్టా లెక్కలో. ఏ ఒక్కటీ 0.5 దాటలేదు. కరపత్రం మళ్ళీ రాశారు, మెట్టకీ పల్లానికీ కూడా జింకు వెయ్యాల్సిందేనని. దాని మీద ఆమె పేరు పెడతానని గైడుగారు అంటే వద్దంది. ఎందుకు వద్దన్నావని నేను అడిగితే, పాత కార్డుల మీద నా దస్తూరీ చాలదా అంది.

నేను ఆ మరుసటి ఏడు పట్టా తీసుకున్నాను. అదే విభాగంలో పాఠాలు చెప్పి, ఈ మధ్యనే మానుకున్నాను. మట్టి ఎలా తియ్యాలో చెప్పే పాఠం ముప్పై ఏళ్ళు నాదే. ఇనప బకెట్ వాడకూడదు అని చెప్పినప్పుడల్లా పిల్లలు రాసుకునేవాళ్ళు. కాగితం పరిస్తే సరిపోదా మేడం అని ఏటా ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

ఆమె మాత్రం రిటైరయ్యేదాకా క్షేత్ర సహాయకురాలే. ఆ కేంద్రానికి ఆమెకంటే చిన్నవాళ్ళు నలుగురు అధికారులుగా వచ్చి వెళ్ళారు. ఆమె బాధపడిందా అంటే పడింది. ఒక అధికారి కార్డు మీద అంకె తప్పు వేస్తే నా దగ్గరికి వచ్చి గంటసేపు రుసరుసలాడి వెళ్ళింది. త్యాగం అన్న మాట ఆమె ముందు ఎవరైనా అంటే లేచి వెళ్ళిపోయేది.

విత్తనాలు వేసే ముందు, కార్డులు మార్చడానికి ఆమె తిరిగిన రోజుల్లో ఒకరోజు నేను వెంట వెళ్ళాను. నల్ల పొలాల చివర్న ఒక ముసలావిడ, భూమి తనే చేసుకునేది. పాత కార్డును దీపం గూట్లో భద్రంగా పెట్టుకుంది. జల్లెడ గుమ్మంలో నిలబడే చెప్పింది.

"పెద్దమ్మా, ఆ కార్డు తప్పు. మట్టి నేనే సరిగ్గా తియ్యలేదు. మీ పొలంలో జింకు లేదు, వెయ్యాలి."

ముసలావిడ రెండు కార్డుల్నీ రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. ఆవిడకు చదువు రాదు.

"పాతది వెయ్యొద్దంది. కొత్తది వెయ్యమంటోంది. నాకు పాతదే బాగుందమ్మాయ్."

జల్లెడ ఆవిడకు చెప్పాల్సిందంతా వారం రోజులుగా మనసులో కూర్చుకుంది, ముప్పయ్యో తేదీ గురించీ, తన గురించీ కాకపోయినా ఆ బకెట్ గురించైనా. ముసలావిడ అదేమీ అడగలేదు.

"ఎంత వెయ్యాలి మరి?"

"ఎకరానికి ఇరవై కిలోల జింకు ఉప్పు."

"అంతా ఒకే చోట పడితే మాడిపోదూ? ఎలా చల్లాలో నువ్వు దగ్గరుండి చూపించు. చెబితే నాకు బుర్రకెక్కదు."

జల్లెడ చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని పొలంలోకి దిగింది. ఒంగి గుప్పెడు మట్టి తీసుకుంది. జింకు ఉప్పులో ఇంత మట్టి కలపాలి పెద్దమ్మా, అప్పుడు అంతటా సమంగా పడుతుంది, అని చెబుతూ ఉత్త మట్టినే ఎడమ నుంచి కుడికి విసురుతూ నడిచింది. ముసలావిడ ఆమె వెనకే, అదే అడుగు, అదే విసురు.